ఈసిమ్ నెగెటివ్ అని రాసి ఇచ్చాక: ఒక క్లెబ్సియెల్లా కేసు

రోగిని గుర్తుపట్టే వీలు లేకుండా వయసు, జబ్బు చరిత్ర, రోజుల వరుస కొంత మార్చాను. ప్లేటు మీద కొలతలను, వాటిని చూసి నేను రాసిన వాక్యాన్ని మాత్రం మార్చలేదు. ఈ కేసు రాయడానికి కారణమే ఆ వాక్యం. క్లెబ్సియెల్లా ఒక బ్యాక్టీరియా. ఈసిమ్ అంటే, యాంటీబయాటిక్‌ను పాడుచేసే దాని ఎంజైము ఏ రకమో తేల్చడానికి చేసే ల్యాబు పరీక్ష.

నేపథ్యం

మాది ఇరవై పడకల ఐసీయూ ఉన్న ఓ మోస్తరు ఆసుపత్రి. మైక్రోబయాలజీ విభాగంలో నేను, ఒక డీఎన్‌బీ విద్యార్థిని, నలుగురు టెక్నీషియన్లు ఉంటాం. రక్తం కల్చరు సీసాలో ఏదైనా పెరిగితే కూత పెట్టే యంత్రం ఉంది. పెరిగినది ఏమిటో గుర్తించి, ఏ మందు ఎంత గాఢతలో దాన్ని ఆపుతుందో, అంటే ఎంఐసీ ఎంతో చెప్పే యంత్రం కూడా ఉంది. పీసీఆర్ అప్పటికి లేదు. పావుగంటలో ఎంజైము పేరు చెప్పే లాటరల్ ఫ్లో కిట్లు ఫ్రిజ్‌లో నాలుగే మిగిలాయి. కొత్తవాటికి పెట్టిన ఇండెంటు ఏదో బల్ల మీద సంతకం కోసం ఎదురుచూస్తోంది.

మెరోపెనెమ్ లాంటి కార్బపెనెమ్ యాంటీబయాటిక్‌లను విరగ్గొట్టే ఎంజైములను, అంటే కార్బపెనమేజ్‌లను, రెండు కుటుంబాలుగా తలచుకుంటే ఈ కేసు అర్థమవుతుంది. మొదటిది సీరిన్ కుటుంబం. మందు అణువును పట్టి విరిచేది సీరిన్ అనే అమైనో ఆమ్లం. కేపీసీ, ఆక్సా-48, ఆక్సా-48 తోబుట్టువులు ఈ కుటుంబంలోవి. రెండోది మెటాలో కుటుంబం. దీనికి జింకు అయాను లేనిదే పని జరగదు. ఎన్‌డీఎం, విమ్, ఇంప్ ఇందులోవి. అవిబ్యాక్టమ్ అనే నిరోధకం కేపీసీని, ఆక్సా-48ని కట్టేస్తుంది కానీ ఎన్‌డీఎం ముందు దానికి ఏ శక్తీ లేదు. కాబట్టి సెఫ్టాజిడిమ్ అనే యాంటీబయాటిక్‌కు ఆ నిరోధకాన్ని జోడించిన మందు, సెఫ్టాజిడిమ్-అవిబ్యాక్టమ్, పనిచేస్తుందా లేదా అన్నది ఎంజైము ఏ కుటుంబానిదో తెలియడం మీద ఆధారపడుతుంది.

ఎన్‌డీఎం పేరులో ఉన్నది న్యూఢిల్లీ. అంతకుముందు ఢిల్లీలో ఆసుపత్రి పాలై స్వీడన్ చేరిన ఒక రోగిలో దొరికిన క్లెబ్సియెల్లాలో దాన్ని కనిపెట్టి 2009లో ప్రకటించారు. ఆ పేరు మీద మన దేశంలో పెద్ద రగడే జరిగింది. పేరు న్యాయమా కాదా అన్న వాదన అలా ఉంచితే, మన ఐసీయూల్లోని క్లెబ్సియెల్లాలో ఎక్కువగా కనిపించేవి ఎన్‌డీఎం, ఆక్సా-48 తరహా ఎంజైములే. అమెరికాలో ఎక్కువగా కనిపించే కేపీసీ మనకు అరుదు. మన దగ్గర ఎన్‌డీఎం, ఆక్సా-48 రెండూ ఒకే బ్యాక్టీరియాలో కాపురం పెట్టడం కూడా మామూలే. ఇది నాకు తెలియని విషయం కాదు. తెలిసి ఉండి కూడా చేతిలో ప్లేటు పట్టుకున్నప్పుడు గుర్తుకు రాలేదు.

వచ్చిన సమస్య

రోగికి యాభై దాటాయి. పేగుకు రంధ్రం పడి మరోచోట ఆపరేషన్ అయింది. పది రోజులు దాటాక వెంటిలేటర్ మీద, మెరోపెనెమ్ నడుస్తుండగా మా ఐసీయూకి వచ్చాడు. చేరిన మూడో రోజు జ్వరం, బీపీ పడిపోవడం. రాత్రి తీసిన రెండు జతల రక్తం సీసాలూ పదకొండు గంటల్లోనే కూత పెట్టాయి. గ్రామ్ స్టెయిన్‌లో పొట్టిగా, లావుగా ఎర్రటి కడ్డీలు. ఫోన్ చేసి చెప్పాం. మర్నాటికి మెకాంకీ అగర్ మీద జిగురుగా సాగే గులాబీ కాలనీలు వచ్చాయి. యంత్రం క్లెబ్సియెల్లా న్యుమోనియే అంది.

ఆ మరుసటి ఉదయం ఎంఐసీలు వచ్చాయి. మెరోపెనెమ్ 16 లేదా ఆ పైన. ఎర్టాపెనెమ్ 8 లేదా ఆ పైన. సిప్రోఫ్లాక్సాసిన్ రెసిస్టెంట్. జెంటామైసిన్, అమికాసిన్ రెండూ యంత్రం కొలవగలిగే పైహద్దును దాటేశాయి.

ఈ చివరి ముక్క దగ్గర నేను ఆగి ఉండాల్సింది. అమికాసిన్ కొద్దిగా పెరగడం వేరు, జెంటామైసిన్‌తో పాటు అదీ హద్దు దాటిపోవడం వేరు. రెండోది జరిగితే ఈ రెండు మందులూ వెళ్లి పట్టుకునే రైబోజోమ్‌నే మార్చేసే మిథైలేజ్ ఎంజైము ఉందేమో అని అనుమానించాలి. ఆ మిథైలేజ్ జన్యువు చాలాసార్లు ఎన్‌డీఎం జన్యువు ఉన్న ప్లాస్మిడ్ మీదే, అంటే బ్యాక్టీరియాలు ఒకదానికొకటి అందించుకునే చిన్న డీఎన్‌ఏ ముక్క మీదే, కలిసి ప్రయాణిస్తుంది. రుజువు అనలేం. వాకిట్లో చెప్పుల జత చూసి ఇంటికి చుట్టాలు వచ్చారనుకోవడం లాంటిది, అంతే. నేను ఆ చెప్పులు చూసి కూడా దాటిపోయాను.

ఐసీయూ వైద్యుడు ఫోన్ చేశారు. "మేడమ్, క్రియాటినిన్ 2.6 ఉంది. కోలిస్టిన్ మొదలుపెడితే కిడ్నీలు పూర్తిగా పోతాయేమో. సెఫ్టాజిడిమ్-అవిబ్యాక్టమ్ ఇవ్వవచ్చా?"

ఆయన భయం న్యాయమైనదే. ఇలాంటి బ్యాక్టీరియాకు చివరి అస్త్రంగా వాడే కోలిస్టిన్ కిడ్నీలకు చెరుపు చేస్తుంది. పైగా ల్యాబులో దాన్ని నమ్మకంగా కొలవడమే కష్టం. పెద్ద అణువు కావడంతో అగర్‌లో సరిగా వ్యాపించదు కాబట్టి, మందు నింపిన కాగితపు బిళ్లను ప్లేటు మీద పెట్టి చూసే డిస్కు పరీక్ష పనికిరాదు. మందును ద్రవంలో వేర్వేరు గాఢతల్లో కలిపి చూసే బ్రాత్ మైక్రోడైల్యూషన్ లాంటి పద్ధతి కావాలి. 2020 నుంచి అమెరికా ప్రమాణాల సంస్థ సీఎల్‌ఎస్‌ఐ కోలిస్టిన్‌కు "ససెప్టిబుల్", అంటే మందుకు లొంగుతుంది, అన్న వర్గాన్నే తీసేసింది. ఎంత తక్కువ ఎంఐసీ వచ్చినా "ఇంటర్మీడియట్" అనే రాయాలి. వేరే దారి ఉంటే చూడాలన్న ఆయన ఆలోచనతో నేను ఏకీభవించాను.

సూటి జవాబు సెఫ్టాజిడిమ్-అవిబ్యాక్టమ్ డిస్కు పెట్టి చూడటమే. మా యంత్రం కార్డులో ఆ మందు లేదు. డిస్కులు అయిపోయి మూడు వారాలైంది. రేపటికల్లా ఎంజైము కుటుంబం తేల్చి చెబుతానన్నాను.

మొదట చేసిన పరీక్ష

ఎంసిమ్, ఈసిమ్ జంట పరీక్ష పెట్టాం. బ్యాక్టీరియాలో కార్బపెనమేజ్ ఉందా అని చూసేది ఎంసిమ్, అది జింకు లేకుండా పనిచేస్తుందా అని చూసేది ఈసిమ్. ఆ నిర్ణయం వెనుక లెక్క ఇది. కిట్లు నాలుగే ఉన్నాయి, ఖరీదైనవి, రాత్రిపూట అత్యవసరానికి దాచుకున్నవి. ఎంసిమ్‌కు కావలసింది ఒక మెరోపెనెమ్ డిస్కు, కొంచెం బ్రాత్, ఒక ప్లేటు. ఈసిమ్‌కు అదనంగా, జింకును లాగేసే ఈడీటీఏ అనే రసాయనం కొంచెం. ఖర్చు దాదాపు లేనట్టే. చౌక పరీక్షే జవాబు ఇస్తుంటే ఖరీదైనది ఎందుకు అనుకున్నాను.

చేసే విధానం క్లుప్తంగా చెబుతాను. రెండు గొట్టాల్లో 2 మి.లీ. చొప్పున ట్రిప్టిక్ సోయ్ బ్రాత్ పోస్తాం. రెండింటిలోనూ 1 మైక్రోలీటర్ లూపు నిండా బ్యాక్టీరియా కలుపుతాం. ఈసిమ్ గొట్టంలో మాత్రం 0.5 మోలార్ ఈడీటీఏ 20 మైక్రోలీటర్లు అదనం. రెండింటిలోనూ 10 మైక్రోగ్రాముల మెరోపెనెమ్ డిస్కు మునిగేలా వేసి 35 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు ఉంచుతాం. తర్వాత డిస్కులను తీసి, మెరోపెనెమ్‌కు లొంగే మామూలు ఈ.కోలై పరిచిన ప్లేటు మీద పెడతాం. డిస్కులో మందు ఇంకా మిగిలి ఉంటే చుట్టూ ఈ.కోలై చచ్చి ఖాళీ వలయం వస్తుంది. ఎంజైము మందును తినేసి ఉంటే వలయం ఉండదు.

నేను చదువుకునే రోజుల్లో దీని స్థానంలో మాడిఫైడ్ హాడ్జ్ పరీక్ష ఉండేది. పాజిటివ్ అయితే వలయం మారేడు దళంలా లోపలికి నొక్కుకుపోయేది. అది దళమా, వట్టి గీతా అని ముగ్గురం ప్లేటు చుట్టూ నిలబడి వాదించుకునేవాళ్లం. ఎన్‌డీఎంను అది తరచూ జారవిడిచేది. 2018లో సీఎల్‌ఎస్‌ఐ దాన్ని పూర్తిగా పక్కన పెట్టింది. ఎంసిమ్ వచ్చాక ఆ వాదనలు పోయాయి. స్కేలు పెట్టి కొలిస్తే చాలు. ఎంసిమ్ మీద నాకున్న ప్రేమలో కొంత ఆ సుఖం వల్ల వచ్చినదే.

మర్నాడు ఉదయం ప్లేటును వెనక్కి తిప్పి నల్ల కాగితం మీద పట్టుకుని కొలిచాను. ఎంసిమ్ డిస్కు చుట్టూ వలయమే లేదు. డిస్కు వెడల్పు 6 మి.మీ., కొలతా 6. ఈ.కోలై పొర డిస్కు అంచు వరకూ వచ్చి ఆగింది. 15 మి.మీ. లోపు ఉంటే పాజిటివ్ కాబట్టి కార్బపెనమేజ్ ఉన్నట్టే. ఈసిమ్ డిస్కు చుట్టూ సన్నటి ఉంగరం లాంటి ఖాళీ, 9 మి.మీ. తేడా 3. ఈడీటీఏ వల్ల వలయం 5 మి.మీ. లేదా ఎక్కువ పెరిగితే మెటాలో అనాలి. 4 లేదా అంతకంటే తక్కువైతే సీరిన్ అనాలి.

రిజిస్టరులో ఈసిమ్ నెగెటివ్ అని రాశాను. రిపోర్టులో వ్యాఖ్యగా ఇది చేర్చాను: "సీరిన్ కార్బపెనమేజ్ ఉత్పత్తి చేస్తోంది. మెటాలో-బీటా-లాక్టమేజ్ లేదు."

రెండో వాక్యాన్ని ఆ పరీక్ష చెప్పలేదు. నేనే చెప్పాను.

ఏమి విఫలమైంది

మధ్యాహ్నానికి సెఫ్టాజిడిమ్-అవిబ్యాక్టమ్ మొదలైంది. ఒక్కో వయల్ వేలల్లో ఉండే మందు అది. రోగి కొడుకు రసీదులు పట్టుకుని ఫార్మసీ దగ్గర నిలబడటం నేను చూశాను.

రెండు రోజులు గడిచాయి. జ్వరం దిగలేదు. బీపీని నిలబెట్టే నార్ ఎడ్రినలిన్ మోతాదు పెరుగుతూ పోయింది. మళ్లీ తీసిన రక్తం సీసా ఈసారి తొమ్మిది గంటల్లోనే కూత పెట్టింది.

అప్పుడు మేం వెతికిన కారణాల వరుస చూస్తే ఇప్పుడు నాకు సిగ్గుగా ఉంటుంది. అన్నీ ల్యాబు బయటివే. కడుపులో చీము మిగిలిందేమో అని సీటీ తీశారు, తీయదగ్గ గడ్డ ఏదీ లేదు. సెంట్రల్ లైను మార్చారు. కిడ్నీల లెక్క చూసి మోతాదు తగ్గించారు కదా, అది మరీ తగ్గిందేమో అన్న అనుమానం వచ్చింది. ఇది వట్టి సాకు కాదు. సెప్సిస్‌లో మొదటి రెండు రోజుల్లో కిడ్నీలు కోలుకుంటుంటే, తగ్గించిన మోతాదు చాలకపోవడం నిజంగానే జరుగుతుంది. మోతాదు పెంచారు. మార్పు లేదు.

ల్యాబు వైపు నేను చూసింది చివరగా. మొదట కల్చరు కల్తీ అయిందేమో చూశాం. కొత్త సీసా నుంచి మళ్లీ పెంచితే అదే జిగురు కాలనీ, అవే ఎంఐసీలు. తర్వాత ఈడీటీఏ పాడైందేమో అనుకున్నాం. కొత్తగా కలిపి, పీహెచ్ సరిచేసి, ఏ ఎంజైము ఉందో ముందే తెలిసిన నియంత్రణ స్ట్రెయిన్లతో కలిపి మొత్తం పరీక్ష మళ్లీ పెట్టాం. కేపీసీ ఉన్న బీఏఏ-1705, ఏ కార్బపెనమేజ్ లేని బీఏఏ-1706, ఎన్‌డీఎం ఉన్న బీఏఏ-2146. ఎన్‌డీఎం స్ట్రెయిన్‌కు ఈడీటీఏతో వలయం దర్జాగా తెరుచుకుంది. కేపీసీ స్ట్రెయిన్‌కు కదలలేదు. మూడోది ఉండాల్సినట్టే ఉంది. మా రోగి స్ట్రెయిన్‌కు మళ్లీ 6, 9.

అంటే పరీక్ష తప్పు చేయలేదు. రెండుసార్లు ఒకే జవాబు ఇచ్చింది. ఆ సాయంత్రం ఎక్కడ పొరపాటు జరిగిందో తెలియక మూడు ప్లేట్లూ బల్ల మీద వరుసగా పెట్టి కూర్చున్నాను.

డీఎన్‌బీ అమ్మాయి పక్కన నిలబడి చాలాసేపు చూసింది. "మేడమ్, 3 మి.మీ. అయినా పెరిగింది కదా. కేపీసీ స్ట్రెయిన్‌కు అసలు పెరగలేదు" అంది. ఒక క్షణం ఆగి, "ఇందులో రెండూ ఉంటే?" అంది.

ఆ ప్రశ్నతో తేలినది

గొట్టంలో ఏం జరుగుతుందో తిరిగి ఆలోచించాం. ఈడీటీఏ జింకును లాగేస్తుంది, ఎన్‌డీఎం పని ఆగిపోతుంది. అదే బ్యాక్టీరియాలో ఆక్సా-48 కూడా ఉంటే దానికి జింకుతో పని లేదు. నాలుగు గంటలూ అది మెరోపెనెమ్‌ను తింటూనే ఉంటుంది. గాదెలో పందికొక్కును పట్టి బోనులో వేశాం. ఎలుకలు మిగిలే ఉన్నాయి. తెల్లారి గాదె ఖాళీగా ఉందని చూసి, "ఇక్కడ పందికొక్కు లేనే లేదు" అని రాశాను.

ఈసిమ్ నిజంగా జవాబు ఇచ్చే ప్రశ్న ఇది: జింకు తీసేశాక కూడా మెరోపెనెమ్‌ను పాడుచేసేది ఏదైనా మిగిలిందా? మిగిలింది అంటే సీరిన్ ఎంజైము ఉందని అర్థం. దాని పక్కన మెటాలో ఉందా లేదా అన్నది ఆ పరీక్షకు తెలిసే వీలు లేదు. సీఎల్‌ఎస్‌ఐ పుస్తకంలోనే, రెండు రకాలూ ఒకే బ్యాక్టీరియాలో ఉంటే ఈ పద్ధతి వాటిని విడదీయలేదన్న హెచ్చరిక ఉంది. పట్టిక కింద చిన్న అక్షరాల్లో. దాన్ని చదివాను, విద్యార్థులకు చెప్పాను కూడా.

జంట ఎంజైములున్న ప్రతి స్ట్రెయిన్ ఇలా మోసం చేయదు. ఆక్సా-48 తరహా ఎంజైముల్లో కొన్ని మెరోపెనెమ్ మీద బలహీనంగా పనిచేస్తాయి. అలాంటివి ఉన్నప్పుడు ఈడీటీఏ వేయగానే వలయం తెరుచుకుని ఈసిమ్ పాజిటివ్‌గానే వస్తుంది. అప్పుడు జారిపోయేది ఆక్సా. మాకు అంతకుముందు చాలాసార్లు అలా పాజిటివ్ వచ్చి ఉండాలి. అందుకే ఈసిమ్ ఎన్‌డీఎంను పట్టేస్తుందన్న ధీమా నాలో పెరిగింది. కేపీసీ రాజ్యమేలే చోట సీరిన్ అని తేలితే కథ దాదాపు ముగిసినట్టే. మన దగ్గర సగం కథే.

దాచుకున్న నాలుగు కిట్లలో ఒకటి తీశాం. తాజా ప్లేటు నుంచి కాలనీని బఫర్‌లో కలిపి, చుక్కలు వేసి పక్కన గడియారం పెట్టుకున్నాం. ఈ స్ట్రిప్పు మీద కేపీసీ, ఆక్సా-48, విమ్, ఇంప్, ఎన్‌డీఎం అయిదింటికీ వేరువేరు గీతలుంటాయి. అయిదో నిమిషానికే ఎన్‌డీఎం గీత ఎర్రగా కనబడింది. ఆక్సా గీత కొంచెం ఆలస్యంగా, కొంచెం పలుచగా వచ్చింది. పావుగంట పూర్తయ్యేదాకా ఇద్దరం కదలలేదు. రెండు గీతలూ స్పష్టంగా నిలిచాయి.

మూడు రోజుల కిందట ఈ పావుగంట ఖర్చు పెట్టలేదు నేను.

వెంటనే ఐసీయూకి ఫోన్ చేశాను. "డాక్టర్ గారూ, నేను ఇచ్చిన వ్యాఖ్య తప్పు. ఎన్‌డీఎం ఉంది, ఆక్సా-48 కూడా ఉంది. ఇప్పుడు ఇస్తున్న మందు ఒక్కటే అయితే పనిచేయదు." అవతల కాసేపు మౌనం. "సరే మేడమ్, ఇప్పుడేం చేద్దాం?" అన్నారు. ఆయన స్థానంలో నేను ఉంటే అంత నెమ్మదిగా అడిగేదాన్నో లేదో.

పనిచేసినది

ఎన్‌డీఎంకు ఒక బలహీనత ఉంది. పెనిసిలిన్లు, సెఫలోస్పోరిన్లు, కార్బపెనెమ్‌లు అన్నీ విరగ్గొడుతుంది కానీ అజ్‌ట్రియోనామ్‌ను విరగ్గొట్టలేదు. అయితే అజ్‌ట్రియోనామ్ ఒక్కటే ఇస్తే చాలదు. ఇలాంటి క్లెబ్సియెల్లాలో సీటీఎక్స్-ఎం వంటి ఈఎస్‌బీఎల్ ఎంజైములు దాదాపు ఎప్పుడూ ఉంటాయి. అవి అజ్‌ట్రియోనామ్‌ను తినేస్తాయి. ఆ ఈఎస్‌బీఎల్‌ను, దానితో పాటు ఆక్సా-48ని అవిబ్యాక్టమ్ కట్టేస్తుంది. కాబట్టి సెఫ్టాజిడిమ్-అవిబ్యాక్టమ్‌తో పాటు అజ్‌ట్రియోనామ్ కలిపితే, అవిబ్యాక్టమ్ కాపలా కాస్తుంటే అజ్‌ట్రియోనామ్ పని చేసుకుపోతుంది. సెఫ్టాజిడిమ్ అక్కడ వట్టి ప్రయాణికుడు, అప్పుడు మాకు అవిబ్యాక్టమ్ అతని వెంట తప్ప విడిగా దొరకలేదు గనుక మోశాం. అజ్‌ట్రియోనామ్-అవిబ్యాక్టమ్ ఒకే మందుగా యూరప్‌లో 2024లో అనుమతి పొందింది. మా చేతిలో ఉన్నవి మాత్రం రెండు వేరు సీసాలే.

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. ఈ జోడీ ఈ స్ట్రెయిన్ మీద పనిచేస్తుందని పరీక్షించి, మర్నాడు చెప్పడమా? స్ట్రిప్పు మీద గీతలు చూసి ఈ రాత్రే మొదలుపెట్టమనడమా? ఒకసారి ఊహను రిపోర్టుగా రాసి దెబ్బ తిన్నవాళ్లం. అయినా ఈ రాత్రే మొదలుపెట్టమన్నాను. ఈసారి ఊహ రెండు గీతల మీద నిలబడింది. రోగి ఆగే స్థితిలో లేడు. తేడా ఏమిటంటే ఈసారి "ఇది అంచనా, రుజువు రేపు ఉదయం" అని ఫోన్‌లోనూ రిపోర్టులోనూ స్పష్టంగా చెప్పాను. రెండు మందులనూ ఒకే సమయంలో ఎక్కించమని కూడా చెప్పాను. ఒకటి పొద్దున, మరొకటి మధ్యాహ్నం ఇస్తే కాపలాదారు వెళ్లిపోయాక పనివాడు వస్తాడు.

అదే రాత్రి మరో ల్యాబు నుంచి అరువు తెచ్చిన డిస్కులతో బ్రాత్ డిస్క్ ఎల్యూషన్ పెట్టాం. నాలుగు గొట్టాలు, ఒక్కోదాంట్లో 5 మి.లీ. మ్యూలర్-హింటన్ బ్రాత్. మొదటి దానిలో ఏ మందూ లేదు. రెండో దానిలో సెఫ్టాజిడిమ్-అవిబ్యాక్టమ్ డిస్కు, మూడో దానిలో అజ్‌ట్రియోనామ్ డిస్కు, నాలుగో దానిలో రెండూ. డిస్కుల్లోని మందు బ్రాత్‌లోకి దిగడానికి అరగంట పైన ఆగి, బ్యాక్టీరియా చేర్చి రాత్రంతా ఉంచాం. అరువు డిస్కుల్లో ఒకటి మామూలు అగర్ మీదా పెట్టాం, మొదటి రోజే చేయాల్సిన పని.

ఉదయం ర్యాక్‌ను వెలుతురుకు ఎదురుగా ఎత్తి చూశాను. మొదటి మూడు గొట్టాలూ బియ్యం కడుగు నీళ్లలా ఉన్నాయి. నాలుగోది తేటగా, వెనకనున్న కిటికీ ఊచలు లెక్కపెట్టేంత తేటగా ఉంది. అగర్ మీద సెఫ్టాజిడిమ్-అవిబ్యాక్టమ్ డిస్కు చుట్టూ వలయమే లేదు. 21 మి.మీ. ఉంటే తప్ప పనిచేస్తుందని చెప్పకూడని మందు అది. ఆ ఒక్క డిస్కు మొదటి రోజు మా దగ్గర ఉండి ఉంటే నా ఎంజైము పాండిత్యంతో ఎవరికీ అవసరం ఉండేది కాదు.

జోడీ మొదలైన మూడో రోజు తీసిన రక్తంలో ఏమీ పెరగలేదు. బీపీ మందు మెల్లగా తగ్గింది. మధ్యలో రెండుసార్లు డయాలసిస్ అవసరమైంది. జోడీ రెండు వారాలు నడిచింది. రోగి దాదాపు నెలకు ఇంటికి వెళ్లాడు, బాగా చిక్కిపోయి. ఆ మొదటి రెండు రోజుల మందు ఖర్చు, ఆ డయాలసిస్‌లలో నా వ్యాఖ్య వంతు ఎంత అన్నది నేను తేల్చలేను. తేల్చలేనంత మాత్రాన వంతు లేదనీ అనుకోను.

తర్వాత మార్చినవి

సవరించిన రిపోర్టు ఇచ్చాం. పాతదాన్ని చెరిపేయలేదు. కొత్తదానిపైన "ఫలానా తేదీ వ్యాఖ్యకు సవరణ" అని, మారిన వాక్యం ఏమిటో రాశాం. రోగి బంధువులతో ఐసీయూ వైద్యుడు మాట్లాడినప్పుడు నేనూ వెళ్లాను. పెద్దగా అడగలేదు వాళ్లు. "ఇప్పుడు సరైన మందే కదా మేడమ్?" అని కొడుకు ఒక్కటే అడిగాడు.

ఇన్ఫెక్షన్ నియంత్రణ బృందం పక్క పడకల రోగులకు మలద్వారం స్వాబులు తీసింది. ఇద్దరిలో అదే ఎన్‌డీఎం, ఆక్సా జంట దొరికింది. జబ్బు లేదు, పేగుల్లో మోస్తున్నారు, అంతే. వాళ్లను వేరుగా ఉంచి, గ్లవ్స్, గౌను తప్పనిసరి చేశారు. వేరే ఆసుపత్రి నుంచి వచ్చే ప్రతి ఐసీయూ రోగికీ చేరిన రోజే స్వాబు తీయడం అప్పటి నుంచే మొదలైంది.

ల్యాబులో పరీక్షల వరుస తిరగేశాం. రక్తంలో మెరోపెనెమ్‌కు లొంగని క్లెబ్సియెల్లా గానీ ఈ.కోలై గానీ వస్తే లాటరల్ ఫ్లో మొదట. అందులో ఏ గీతా రాకపోతేనే ఎంసిమ్. కిట్టు తనకు తెలిసిన అయిదు కుటుంబాలనే పడుతుంది కాబట్టి, కిట్టు నెగెటివ్, ఎంసిమ్ పాజిటివ్ వస్తే అది అసలైన వార్త. ఎంజైము పేరు ఏదైనా సరే, సెఫ్టాజిడిమ్-అవిబ్యాక్టమ్ డిస్కు అదే రోజు పెట్టాలి. ఎంజైము పేరు మందు పనితీరుకు సూచన మాత్రమే. మందును ఆ బ్యాక్టీరియా మీద పెట్టి చూడటానికి అది బదులు కాదు. అరువు డిస్కుల కథను ఇండెంటు కాగితానికి జత చేసి పంపాను. ఈసారి సంతకం నాలుగు రోజుల్లో వచ్చింది.

ఈసిమ్ ఇంకా చేస్తున్నాం, కిట్లు అయిపోయినప్పుడు. వ్యాఖ్య మాత్రం మార్చాం: "సీరిన్ కార్బపెనమేజ్ ఉంది. దానితో పాటు మెటాలో ఎంజైము ఉండే అవకాశాన్ని ఈ పరీక్ష తోసిపుచ్చదు." వాక్యం పొడుగైందని ఒక సర్జన్ విసుక్కున్నారు. ఉండనివ్వండి అన్నాను.

ఆ తర్వాత రెండు నెలలకు ఒక ఈ.కోలై వచ్చింది, మూత్రం నుంచి రక్తంలోకి చేరినది. స్ట్రిప్పు మీద ఎన్‌డీఎం గీత ఒక్కటే. ఐసీయూలో అప్పటికే ఈ జోడీ మీద నమ్మకం కుదిరింది కాబట్టి నేరుగా అదే మొదలుపెట్టారు. అంచనాగా మొదలుపెట్టడంలో తప్పు లేదు, రుజువు చూడకుండా వదలవద్దు అన్నాను. మన దగ్గరి ఎన్‌డీఎం ఈ.కోలైలలో చాలావాటికి అజ్‌ట్రియోనామ్ వెళ్లి అతుక్కునే పీబీపీ3 అనే ప్రొటీన్‌లోనే నాలుగు అమైనో ఆమ్లాలు అదనంగా చొరబడి ఉంటాయి. అవిబ్యాక్టమ్ ఎంత కాపలా కాసినా అజ్‌ట్రియోనామ్‌కు అక్కడ పట్టు సరిగా దొరకదు. నాలుగు గొట్టాలు పెట్టాం. ఉదయం ర్యాక్ ఎత్తి చూసింది డీఎన్‌బీ అమ్మాయి. నాలుగోది కూడా మసకబారి ఉంది. నేను సంతకం చేసేలోపే ఆమె ఐసీయూకి ఫోన్ కలిపింది.